పట్టుకునే చేతులు



ఒక సంఘకాపరి కుస్తీ ఆట చూడటానికి తాడేపల్లిగూడెంలో రైలెక్కి హైదరాబాదు వెళ్ళాడంటే మీలో కొందరు నొసలు చిట్లించవచ్చు. మా సంఘ పెద్దలలో ఒకాయన ఆ మాట విని, "అయ్యగారూ, మీరు కూడానా?" అన్నారు. అవును, నేను కూడా. 2023 సెప్టెంబరు 8వ తేదీ శుక్రవారం సాయంత్రం హైదరాబాదు గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యు.డబ్ల్యు.ఇ. అనే అమెరికా సంస్థ జరిపిన కుస్తీ ప్రదర్శనకు నేనూ, మా పెద్దబ్బాయీ, మా తమ్ముడూ వెళ్ళాము. అక్కడ నేను చూచినది కొంత, అక్కడ నాకు జ్ఞాపకం వచ్చినది కొంత మీతో చెప్పుకోవాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. పిల్లలున్న ప్రతి ఇంటికీ ఇందులో కొంత పని ఉన్నదని నా నమ్మకం.

లంక ఊళ్ళో అండర్‌టేకర్

నేను పుట్టి పెరిగినది కొల్లేటి లంకల్లో ఒక చిన్న ఊరు. చుట్టూ నీళ్ళు, చేపల చెరువుల గట్లు. బడికి పోవాలన్నా, బజారుకు పోవాలన్నా వర్షాకాలంలో దోనె ఎక్కవలసిందే. నేను ఏడో తరగతిలో ఉండగా మా ఊళ్ళో చెరువులున్న ఒక రైతుగారు మేడ మీద పెద్ద గొడుగు పెట్టించి రంగుల టీవీ కొన్నారు. సాయంత్రమయ్యేసరికి ఆయన వరండా నిండా మా వంటి పిల్లలే. అందులో మేము ఎదురు చూచేది ఒక్కదాని కోసం: డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. కుస్తీ. అప్పట్లో దాని పేరు అదే. వన్యప్రాణుల సంరక్షణకు పాటుపడే సంస్థకు కూడా అవే పొడి అక్షరాలు ఉండటంతో తగవు న్యాయస్థానానికి ఎక్కి, 2002లో ఈ కుస్తీ సంస్థ తన పేరును డబ్ల్యు.డబ్ల్యు.ఇ.గా మార్చుకొన్నది.

మాకు ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అర్థం కావలసిన అవసరమూ ఉండేది కాదు. మంచివాడెవడో చెడ్డవాడెవడో నడకలోనే తెలిసిపోయేది. ఏలూరు వెళ్ళినవాళ్ళ చేత ట్రంప్ కార్డులు తెప్పించుకొనేవాళ్ళం. ఒక్కొక్క కార్డు మీద ఒక్కొక్క మల్లుడి బొమ్మ, ఎత్తు, బరువు, ఛాతీ, కండల కొలత, ఎన్ని పోట్లాటలు పోట్లాడాడు, ఎన్ని గెలిచాడు అన్నీ అచ్చువేసి ఉండేవి. ఎక్కాలు రాని పిల్లలకు కూడా ఆ అంకెలు కంఠతా వచ్చేవి. అండర్‌టేకర్ ఏడుసార్లు చచ్చి బ్రతికాడని మా తరగతిలో అందరూ నమ్మేవాళ్ళం. సండే స్కూలులో లాజరు కథ చెబుతున్నప్పుడు నేను చెయ్యెత్తి అండర్‌టేకర్ గురించి అడిగి చెవి మెలి పెట్టించుకొన్నాను కూడా.

1995లో సంక్రాంతి సెలవులకు ఒక మధ్యాహ్నం. ఊరి మెరకన కళ్ళంలో కొత్త గడ్డిమేటు ఉన్నది. నాకు పదమూడేళ్ళు, తమ్ముడికి పదేళ్ళు. "నేను అండర్‌టేకర్‌ని, నువ్వు బ్రెట్ హార్ట్‌వి" అన్నాను. వాడు సంతోషంగా ఒప్పుకొన్నాడు. మేటు మీదికి ఎక్కాము. వాణ్ణి రెండు చేతులతో ఎత్తి టీవీలో చూచినట్లే విసిరాను. వాడు గడ్డిలో పడలేదు. మేటు అంచు దాటి, గట్టిగా అలికి ఆరిన కళ్ళం నేల మీద మోచెయ్యి క్రిందుగా పడ్డాడు.

వాడు ఏడవలేదు. నా ముఖమే చూచాడు. అప్పుడు నేను చెప్పిన మాట ఈనాటికీ నాకు వినబడుతున్నది: "అమ్మతో జామచెట్టు మీదనుంచి పడ్డానని చెప్పు."

వాడు అలాగే చెప్పాడు. ఎక్కువ నొప్పి లేదని కూడా చెప్పాడు, నేను చెప్పమన్నాను కాబట్టి. కొబ్బరినూనె రాసి గుడ్డ కట్టి మూడు రోజులు గడిపాము. నాలుగో రోజు చెయ్యి కుండలా వాచాక నాన్న కైకలూరు తీసుకొని వెళ్ళాడు. ఆలస్యం చేశారని అక్కడ చెప్పారు. ఎముక అతుక్కొన్నది గాని మోచెయ్యి వంగిపోయింది. ఆ చెయ్యి వాడు పూర్తిగా చాపలేడు. పెద్దయ్యాక పోలీసు ఉద్యోగానికి పరుగులో నెగ్గాడు, కొలతల్లో నెగ్గాడు. చేతులు చాపమన్నప్పుడు ప్రక్కకు నిలబెట్టారు. వాడు ఇంటికి వచ్చి నాతో ఒక్క మాట కూడా అనలేదు. నేనూ అడగలేదు.

చింపిన బొమ్మ

తరువాత నేను వేదాంత విద్య చదివి పరిచర్యలోకి వచ్చాను. టీవీ కుస్తీ మీద సంఘంలో చాలాసార్లు మాట్లాడాను. "అదంతా అబద్ధము, ముందుగా ఒప్పందం చేసుకొని కొట్టుకొంటారు, అబద్ధము చూచే పిల్లవాడు అబద్ధమే నేర్చుకొంటాడు" అన్నాను. నా మాటలకు తల్లిదండ్రులు తలలూపేవారు. 2023 వేసవిలో మా పెద్దబ్బాయి నోటు పుస్తకంలో జాన్ సీనా బొమ్మ కనబడితే వాడి ఎదుటే చింపి పొయ్యిలో వేశాను. వాడికప్పుడు పదమూడేళ్ళు. కళ్ళం మీద నాకున్న వయస్సే. వాడు నాతో మాట్లాడటం మానేశాడు. అన్నం పెట్టినప్పుడు తినేవాడు, ప్రార్థనకు పిలిస్తే వచ్చేవాడు, అంతే.

ఆగస్టు నెలలో మా తమ్ముడు ఫోను చేశాడు. వాడు గచ్చిబౌలిలో ఒక పెద్ద ఆఫీసు క్యాంటీనులో వంట చేస్తాడు. "అన్నయ్యా, సీనా వస్తున్నాడంట. మన దేశంలో వాడు గోదాలోకి దిగడం ఇదే మొదలంట. మూడు టిక్కెట్లు కొన్నాను. పిల్లోణ్ణి తీసుకురా, నువ్వు కూడా రా" అన్నాడు. నేను ఏదో సాకు చెప్పబోయాను. "నీకిష్టం కదన్నయ్యా" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. నిజమే, నాకిష్టం. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ ఇష్టాన్ని కోపంగా మార్చుకొని బ్రతుకుతున్నాను.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వాడు పై బెర్తు ఎక్కి అటు తిరిగి పడుకొన్నాడు. ఏలూరు దాటాక కూడా నాకు నిద్ర పట్టలేదు.

బాలయోగిగారి పేరు మీద

స్టేడియం ముందు ఆ పేరు చదవగానే నా మనస్సు మళ్ళీ కొల్లేటికే పోయింది. లోక్‌సభ స్పీకరుగా ఉన్న జి.ఎం.సి. బాలయోగిగారు 2002 మార్చి 3న ప్రయాణిస్తున్న హెలికాప్టరు కైకలూరు దగ్గర కొవ్వాడలంక వద్ద చేపల చెరువులో కూలి మరణించారు. ఆ రోజు మా ప్రాంతపు జనం సైకిళ్ళ మీద, కాలినడకన గట్లమ్మట పరుగెత్తారు. ఈ సంగతి మావాడికి చెప్పాను. "మన కైకలూరు దగ్గరా?" అన్నాడు. మూడు నెలల తరువాత వాడు నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది.

లోపల కొన్నివేల మంది. కాలేజీ కుర్రవాళ్ళే ఎక్కువ, కాని నా ఈడువాళ్ళు తమ పిల్లలతో రావడం కూడా చూచాను. మధ్యలో నలుచదరపు గోదా. ఒక్కొక్క ప్రక్క ఇరవై అడుగులు ఉంటుంది. టీవీలో మెత్తని పరుపులా కనబడే ఆ గోదా ఇనుప దూలాల మీద చెక్కలు పరచి, వాటిపై పలుచని స్పాంజి వేసి, కాన్వాసు గుడ్డ బిగించి కట్టినది. మొదటి మనిషి పడ్డప్పుడు వచ్చిన చప్పుడు నా గుండెలో తగిలింది. ఆ చప్పుడు టీవీలో రాదు.

భారతీయ మల్లులు ఇద్దరు, వీర్, సాంగా, ఇండస్ షేర్ అనే జట్టుగా వచ్చి కెనడావాళ్ళయిన కెవిన్ ఓవెన్స్, సామి జేన్‌లతో తలపడ్డారు. ఈ సాంగా అసలు పేరు సౌరవ్ గుర్జర్; 2013లో టీవీలో వచ్చిన హిందీ మహాభారతంలో భీముడి వేషం వేసింది ఆయనే. విదేశీ మల్లులు కొందరు "నాటు నాటు" పాటకు కాళ్ళు కదిపినప్పుడు స్టేడియం కప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. నేను కూడా లేచి చప్పట్లు కొట్టాను. మావాడు నా వంక వింతగా చూచాడు.

తరువాత స్త్రీల పోటీ. ఆస్ట్రేలియాకు చెందిన రియా రిప్లీ అప్పటి విజేత. ఆమెతో తలపడినది నటాలియా. మా తమ్ముడు నా చెవిలో, "బ్రెట్ హార్ట్ మేనకోడలు అన్నయ్యా" అన్నాడు. నా ఒళ్ళు జల్లుమన్నది. గడ్డిమేటు మీద వాడికి నేను పెట్టిన పేరు వాడు మరచిపోలేదు.

మావాడు చెప్పిన పాఠము

అంతలో మా అబ్బాయి నాకు చెప్పడం మొదలుపెట్టాడు. ఇంతకాలం దాచుకొన్నదంతా ఒక్కసారి పొంగినట్లు చెప్పాడు. "చూడు నాన్నా, పడేవాళ్ళు గెడ్డం గుండెకు ఆనించుకొంటారు. తల వెనక్కి తగలకూడదు. వీపంతా ఒక్కసారే నేలకు తగిలేటట్లు పడతారు, చేతులు రెండూ చాపి కొడతారు. అప్పుడు దెబ్బ ఒక్కచోట పడదు. ఎత్తేటప్పుడు ఎత్తబడేవాళ్ళు కూడా ఎగిరి సాయం చేస్తారు. దించేటప్పుడు మాత్రం ఎత్తినవాళ్ళదే బాధ్యత. తలా మెడా వాళ్ళ చేతుల్లోనే ఉంటాయి. చేతులెప్పుడూ వదలరు నాన్నా, చివరి దాకా పట్టుకొనే ఉంటారు."

నేను మెల్లగా, "ఎవరు గెలవాలో ముందే అనుకొంటారు కదరా? అబద్ధమే కదా?" అన్నాను.

"అబద్ధమెలా అవుతుంది? అందరికీ తెలుసుగా. క్రిస్మస్ నాటకంలో నువ్వు నాచేత హేరోదు వేషం వేయించావు. అది అబద్ధమా?"

నాకు మాట రాలేదు. వాడు చెప్పింది నిజము. ఒకప్పుడు ఈ వృత్తివారు తమ గుట్టు బయటపెట్టేవారు కాదు. మంచివాడి వేషం కట్టినవాడూ చెడ్డవాడి వేషం కట్టినవాడూ బయట కలిసి భోజనం చేయడానికి కూడా జంకేవారు. 1989లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో ఆ సంస్థవారే, ఇది పోటీ కాదు వినోద ప్రదర్శన అని ప్రభుత్వానికి ఒప్పుకొన్నారు. క్రీడల మీద ఉండే ఆంక్షలు, పన్నులు తప్పించుకోవడానికే ఒప్పుకొన్నారనుకోండి. అయినా దాపరికం తీరిపోయింది. మన ఊళ్ళల్లో పౌరాణిక నాటకంలో భీముడి గదకు కూలిన దుర్యోధనుడు తెల్లవారి అదే భీముడితో కలిసి టీ త్రాగుతాడు. చూచినవారెవరూ మోసపోయామని అనుకోరు.

ఎదుటివాడికి తెలియకుండా చెప్పినదే అబద్ధము. అలాటి అబద్ధం ఆ స్టేడియంలో ఎవరి దగ్గర ఉన్నదో నాకు తెలుసు. జామచెట్టు పేరు చెప్పినది నేను. తరువాత గుడిలో నిలబడి కుస్తీవాళ్ళను అబద్ధికులన్నదీ నేనే.

చివరి పోటీకి జాన్ సీనా వచ్చాడు. సెత్ రోలిన్స్‌తో జట్టు కట్టి లుడ్విగ్ కైసర్, జియోవన్నీ విన్సీ అనే ఇద్దరిని ఎదుర్కొన్నాడు. మావాడు గొంతు చించుకొని అరిచాడు. మా తమ్ముడు అరిచాడు. రెఫరీ నేల మీద చరుస్తూ లెక్కపెడుతుంటే వేల గొంతులు కలిసి లెక్కపెట్టాయి. సీనా జట్టు గెలిచింది. ఒప్పుకొంటున్నాను, నేనూ అరిచాను. అయితే నా చూపు గెలిచినవాళ్ళ మీద లేదు. ఓడిపోవడానికి ఒప్పుకొని వచ్చి, ఎదుటివాడు గొప్పగా కనబడేటట్లు పడుతూ లేస్తూ ఉన్న ఆ ఇద్దరి మీద ఉన్నది. వాళ్ళు తమ ఒళ్ళు ఎదుటివాడి చేతికి అప్పగించారు. ఆ చేతులు వారిని జారవిడువలేదు.

టీ బండి దగ్గర

బయటికి వచ్చి రోడ్డు ప్రక్కన టీ బండి దగ్గర నిలబడ్డాము. తమ్ముడు ఎడమచేత్తో గ్లాసు అందుకొన్నాడు. కుడిచెయ్యి ఎప్పటివలెనే సగం మడిచి ఉన్నది. అబ్బాయి వింటుండగానే అన్నాను: "ఒరేయ్, ఆ రోజు నిన్ను విసిరింది నేను. అబద్ధం చెప్పించింది నేను. మూడు రోజులు దాచకపోతే నీ చెయ్యి బాగయ్యేది. నీ ఉద్యోగం నా వల్ల పోయింది. నన్ను క్షమించు."

వాడు చాలాసేపు టీ గ్లాసులోకే చూచాడు. తరువాత అన్నాడు: "నువ్వు ఎత్తినప్పుడు నాకు భయం వేయలేదన్నయ్యా. నువ్వు పట్టుకొంటావనుకున్నాను."

చదువరులారా, ఇరవై ఏళ్ళ నా పరిచర్యలో అంతకంటె బరువైన మాట నేను వినలేదు. వాడు నన్ను క్షమించానని నోటితో చెప్పలేదు. గ్లాసు కింద పెట్టి, వంగిన చేతిని నా భుజం మీద వేశాడు. మా అబ్బాయి మా ఇద్దరినీ మార్చి మార్చి చూచాడు. తిరుగు రైలులో వాడు పై బెర్తు ఎక్కలేదు, నా ప్రక్కనే కూర్చున్నాడు. నేను వాడి బొమ్మ చింపినందుకు వాడినీ క్షమాపణ అడిగాను. "బాబాయి చెయ్యి గుర్తొచ్చి భయమేసిందా నాన్నా?" అన్నాడు. అవునన్నాను. ఆ భయాన్ని ముందే వాడికి చెప్పి ఉంటే బొమ్మ చింపవలసిన పనే లేదు.

మరుసటి వారము లంకకు వెళ్ళి అమ్మతో కూడా చెప్పాను. ఆమె చేపలు తోముతూ తల ఎత్తకుండానే, "నాకు తెలుసురా. జామచెట్టు మీదనుంచి పడ్డవాడి జుట్టులో ఎండుగడ్డి ఎందుకుంటుంది? నువ్వే చెబుతావని చూచాను" అన్నది. ఇరవై ఎనిమిదేళ్ళు చూచింది.

తల్లిదండ్రులతో రెండు మాటలు

ఇది చదివి పిల్లలందరికీ కుస్తీ చూపించమని నేను చెప్పడం లేదు. ఆ వృత్తిలో ప్రమాదం నిజమైనది. ఇదే హార్ట్ కుటుంబంలో బ్రెట్ తమ్ముడు ఓవెన్ హార్ట్ 1999 మే 23న అమెరికాలోని కాన్సస్ సిటీలో ప్రదర్శన మధ్య పైకప్పు నుండి తాడుతో దిగుతూ పడి మరణించాడు. క్రిస్ బెన్వా అనే ప్రసిద్ధ మల్లుడు 2007లో భార్యనూ, కన్నకొడుకునూ చంపి తానూ ప్రాణం తీసుకొన్నాడు. అతని మెదడును పరీక్షించిన వైద్యులు అది తీవ్రంగా దెబ్బతిన్నదని చెప్పారు. 2010లో ఆ సంస్థ తల మీద కుర్చీలతో కొట్టడాన్ని నిషేధించింది. ఏళ్ళ తరబడి పడటం నేర్చుకొన్నవారికే ఇంత ప్రమాదముంటే, గడ్డిమేటు మీద, మంచం మీద, చెరువు గట్టు మీద మన పిల్లల సంగతి చెప్పాలా?

కాబట్టి పిల్లల ప్రక్కన కూర్చొని చూడండి. వాళ్ళకు ఇష్టమైనవాడు ఎవరో అడగండి. జాన్ సీనా ప్రాణాంతక వ్యాధులున్న పిల్లల కోరిక తీర్చడానికి వెళ్ళి కలిసినవారు 2022 నాటికే 650 మంది అయ్యారనీ, అది ప్రపంచ రికార్డు అనీ మావాడు చెబితేనే నాకు తెలిసింది. ఆ తరువాత పడటం ఎంత కష్టమో చెప్పండి. ఇంట్లో ఎవరినీ ఎత్తి వేయకూడదని, ఎందుకో కారణంతో సహా చెప్పండి. మీ ఇంట్లో వంగిన మోచెయ్యి ఒకటి ఉంటే దాని కథ దాచకండి. అన్నిటికంటె ముఖ్యముగా, దెబ్బ తగిలితే భయపడకుండా మీ దగ్గరికి వచ్చి నిజం చెప్పగలిగేటట్లు ఉండండి. మా తమ్ముడి చెయ్యి నా బలానికి విరిగింది గాని, వంగిపోయింది నా భయానికి.

2025 డిసెంబరు 14, ఆదివారం. ఆరాధనకు బయలుదేరుతుండగా తాడేపల్లిగూడెం హాస్టలులో ఇంటరు చదువుతున్న మావాడి ఫోను వచ్చింది. అమెరికాలో అప్పటికి శనివారం రాత్రి. జాన్ సీనా తన చివరి పోటీ ఆడి, గుంథర్ పట్టుకు లొంగిపోయి చరచి ఓటమి ఒప్పుకొన్నాడట. హైదరాబాదులో సీనా ఓడించిన ఆ ఇద్దరికీ నాయకుడు ఈ గుంథరే.

"బాధగా ఉందా?" అని అడిగాను.

"ఉంది నాన్నా. కాని చరిచే ముందు నవ్వాడు. బాబాయికి కూడా ఫోను చేశాను, ఏడ్చేశాడు" అన్నాడు. కాస్త ఆగి, "నీకు చెప్పాలనిపించింది" అన్నాడు.

గుడి గంట మ్రోగుతున్నా ఫోను పెట్టబుద్ధి కాలేదు. ఆ రోజు ఆరాధన అయిదు నిమిషాలు ఆలస్యంగా మొదలయ్యింది. ఎందుకో సంఘానికి నిజమే చెప్పాను.